నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మందు కొట్టే డ్రోన్: కొనే ముందు నుంచి కయ్య గట్టు దాకా, నిబంధన తప్పకుండా ఎలా ఎగరేయాలి

ఎడగారు వరి నాట్లు మొదలైతే చాలు, కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, విడవలూరు వైపు నుంచి ఒకటే ప్రశ్న వస్తుంది: "డ్రోన్ కొన్నాం, ఇప్పుడు ఎవరి పర్మిషన్ తీసుకోవాలి?" పొగాకు, మిర్చి వేసే ప్రకాశం రైతులూ ఇదే అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే గానీ, అడగాల్సింది డబ్బు కట్టక ముందు. కొన్న తర్వాత దిద్దుకోలేని తప్పులు ఇందులో రెండు మూడున్నాయి. అందుకే ఈ వరుస కొనుగోలుకు ముందు నుంచే మొదలవుతుంది. వరుస మార్చకండి.

చట్టం గురించి క్లుప్తంగా. దేశమంతటా లెక్కలోకి వచ్చేవి 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ రూల్స్. వాటిని 2022, 2023, 2024లో సవరించారు. 2022కి ముందు తీసిన వీడియోలు చూసి "పైలట్ లైసెన్సుకు డీజీసీఏకి (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థకు) పోవాలి" అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ పద్ధతి పోయింది. 2025 సెప్టెంబరులో కేంద్రం కొత్త డ్రోన్ బిల్లు ముసాయిదా బయటపెట్టింది. అది చట్టమైతే ఇక్కడ చెప్పినవి కొన్ని మారతాయి. అప్పటిదాకా 2021 రూల్సే.

దగ్గర ఉండాల్సినవి

- ఆధార్‌తో పాటు ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సుల్లో ఏదో ఒకటి. పాస్‌పోర్టు తప్పనిసరి కాదు. 2023 సవరణలో తీసేశారు.
- పదో తరగతి పాసైన సర్టిఫికెట్. వయసు 18 నుంచి 65 మధ్య.
- రిమోట్ పైలట్ సర్టిఫికెట్.
- డ్రోన్ మోడల్ టైప్ సర్టిఫికెట్ (ఆ మోడల్‌ను పరీక్షించి ఇచ్చే ఆమోదపత్రం) నకలు, జీఎస్టీ బిల్లు.
- యూఐఎన్, అంటే డ్రోన్‌కు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబరు.
- థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు.
- కొలత గ్లాసు, లీటరు కొలత ఉన్న నాలుగు ప్లాస్టిక్ జాడీలు, స్టాప్‌వాచ్ ఉన్న ఫోను, గాలి వేగం చూసే చిన్న మీటరు.
- రబ్బరు గ్లౌజులు, మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల చొక్కా, బూట్లు.
- ఒక లాగ్ పుస్తకం.

1. బరువు చూసి తరగతి తేల్చుకోండి

డ్రోన్‌ను ఖాళీగా తూస్తే వచ్చే బరువు పనికిరాదు. బ్యాటరీ పెట్టి, ట్యాంకు నిండా నింపాక ఉండే గరిష్ఠ బరువే లెక్క. 250 గ్రాముల దాకా నానో, 2 కిలోల దాకా మైక్రో, 25 కిలోల దాకా స్మాల్, 150 కిలోల దాకా మీడియం, ఆపైన లార్జ్.

10 లీటర్ల ట్యాంకున్న మోడళ్లు ఎక్కువగా 25 కిలోల లోపే, అంటే స్మాల్‌లో సర్దుకుంటాయి. 16 లీటర్లవి చాలావరకు ఆ గీత దాటి మీడియంలోకి పోతాయి. ఇక్కడే దెబ్బ తింటారు. పైలట్ సర్టిఫికెట్ తరగతిని బట్టి ఇస్తారు. స్మాల్‌కు శిక్షణ తీసుకున్నవారు మీడియం డ్రోన్ ఎగరేస్తే సర్టిఫికెట్ లేనట్టే. ట్యాంకు సైజు చూసి మురిసిపోకుండా, టైప్ సర్టిఫికెట్‌లో గరిష్ఠ బరువు ఎంత రాశారో చూడండి. మొదటి డ్రోన్‌గా 10 లీటర్లదే మేలు. మన చిన్న కయ్యలకు, అంటే వరి మళ్లకు, అది చాలు, గట్టు మీద ఇద్దరు మోసుకుపోవచ్చు.

2. డబ్బు కట్టే ముందు టైప్ సర్టిఫికెట్ చూడండి

టైప్ సర్టిఫికెట్ కంపెనీకి కాదు, మోడల్‌కు వస్తుంది. "మా కంపెనీకి డీజీసీఏ అప్రూవల్ ఉంది" అని డీలరు చెబితే సరిపోదు. మీకు ఇచ్చే మోడల్ పేరు, సర్టిఫికెట్ మీద ఉన్న పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. అదే బిల్లు మీదా ఉండాలి. టైప్ సర్టిఫికెట్ లేని స్ప్రే డ్రోన్‌కు యూఐఎన్ రాదు. యూఐఎన్ లేకుండా ఎగరేస్తే నేరం.

విడిభాగాలు తెచ్చి ఊళ్లోనే బిగించి తక్కువ ధరకు అమ్మేవి, విదేశాల నుంచి పూర్తిగా తయారై వచ్చినవి, ఈ రెండు రకాలూ వదిలేయండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి విదేశీ డ్రోన్ల దిగుమతి నిషేధం. విడిభాగాలకు మాత్రమే అనుమతి. పాత డ్రోన్లను క్రమబద్ధం చేసుకోవడానికి ఇచ్చిన గడువు ఎప్పుడో ముగిసింది. "తర్వాత రిజిస్టర్ చేయించుకోవచ్చు" అన్న మాట నమ్మవద్దు.

బిల్లులో ఇంకో సంగతి చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రోన్ల మీద జీఎస్టీ 5 శాతం. పాత శాతం వేసి ఉంటే సరిచేయమని అడగండి.

సబ్సిడీ కావాలంటే కొనే ముందే మండల వ్యవసాయ అధికారిని కలవాలి. యాంత్రీకరణ పథకం కింద చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీ, మహిళా రైతులకు ధరలో 50 శాతం, గరిష్ఠంగా 5 లక్షలు. మిగతా రైతులకు 40 శాతం, 4 లక్షలు అని మార్గదర్శకాలు. స్వయం సహాయక సంఘాలకు నమో డ్రోన్ దీదీ కింద 80 శాతం, 8 లక్షల దాకా. ఆ ఏడాది నిధులు ఉన్నాయో లేదో ఆఫీసులో తేల్చుకున్నాకే అడ్వాన్సు కట్టండి.

3. పైలట్ సర్టిఫికెట్ తెచ్చుకోండి

డీజీసీఏ గుర్తించిన శిక్షణ సంస్థలో చేరాలి. మనకు అందుబాటులో గుంటూరు లాంలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. స్మాల్ తరగతి కోర్సు 5 నుంచి 7 రోజులు. పరీక్ష పాసైతే ఆ సంస్థే సర్టిఫికెట్ ఇప్పిస్తుంది. పదేళ్లు చెల్లుతుంది.

చేరే ముందు రెండు అడగండి. ఏ తరగతికి సర్టిఫికెట్ ఇస్తారు? మందు కొట్టడం నేర్పుతారా, ఎగరేయడం వరకేనా? గాల్లో నిలపడం వచ్చినంత మాత్రాన మందు కొట్టడం వచ్చినట్టు కాదు. డ్రోన్ దీదీలకు ఐదు రోజుల పైలట్ శిక్షణ తర్వాత మందులు, ఎరువుల మీద మరో పది రోజులు పెట్టింది అందుకే.

ఇంట్లో ఒకరికి సర్టిఫికెట్ ఉంటే అందరూ ఎగరేయవచ్చన్నది తప్పు. రిమోట్ ఎవరి చేతిలో ఉంటే సర్టిఫికెట్ వాళ్ల పేరున ఉండాలి.

4. యూఐఎన్ తీసుకోండి

దరఖాస్తు డి-2 ఫారం, ఫీజు 100 రూపాయలు. ఒకప్పుడు అన్నీ కేంద్రం వారి డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కైలో జరిగేవి. ఇప్పుడు రిజిస్ట్రేషన్ దరఖాస్తులు డీజీసీఏ వారి ఈజీసీఏ పోర్టల్‌కు మారాయి. ఎక్కడ ఎగరేయవచ్చో చూపే మ్యాప్ మాత్రం డిజిటల్ స్కైలోనే చూడాలి.

మూడు సీరియల్ నంబర్లు అడుగుతారు: డ్రోన్‌ది, లోపలి ఫ్లైట్ కంట్రోలర్‌ది, చేతి రిమోట్‌ది. పెట్టె మీద అంటించిన కాగితం చూసి కొట్టకండి. వస్తువు మీద, యాప్‌లో కనిపించే నంబరుతో సరిచూడండి. సున్నాకూ ఓ అక్షరానికీ తేడా పట్టుకోకపోవడం వల్లే చాలా దరఖాస్తులు వెనక్కి వస్తాయి.

నంబరు వచ్చాక డ్రోన్ మీద చెరిగిపోని విధంగా రాయించండి. తర్వాత రిమోట్ గానీ కంట్రోలర్ గానీ మారిస్తే ఏడు రోజుల్లో కొత్త సీరియల్ నంబరు పోర్టల్‌లో ఎక్కించాలి. సర్వీసు సెంటర్‌కు పంపి తెచ్చుకున్న ప్రతిసారీ ఈ రెండు నంబర్లూ సరిచూసుకోండి. చెప్పకుండా మార్చి పంపడం మామూలే.

5. ఇన్సూరెన్సు

నానో తప్ప అన్నిటికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. పాలసీలో యూఐఎన్, పైలట్ వివరాలు సరిగా ఉన్నాయో చూడండి. పక్క పొలం పంటకు, రొయ్యల గుంటకు మందు సోకి నష్టం జరిగితే పాలసీ వర్తిస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. చాలా పాలసీలు డ్రోన్ కూలి జరిగే నష్టం వరకే మాట్లాడతాయి.

6. మ్యాప్ చూడండి: ఎగరేసే రోజు పొద్దున, మళ్లీ

డిజిటల్ స్కై మ్యాప్ మీద పచ్చ, పసుపు, ఎరుపు జోన్లు కనిపిస్తాయి. పచ్చ జోన్‌లో నేల నుంచి 400 అడుగుల దాకా, అంటే 120 మీటర్ల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. మందు కొట్టేది పైరు మీద రెండు మూడు మీటర్ల ఎత్తులో కాబట్టి ఎత్తుతో ఇబ్బంది లేదు. పసుపు జోన్‌లో ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతి కావాలి. ఎరుపులో కేంద్రం అనుమతి లేకుండా మోటారు తిప్పకూడదు. పనిచేస్తున్న విమానాశ్రయం ప్రహరీ నుంచి 5 నుంచి 8 కిలోమీటర్ల మధ్య నేల నుంచే పసుపు. 8 నుంచి 12 మధ్య 200 అడుగుల దాకా పచ్చ, ఆపైన పసుపు.

విమానాశ్రయం దగ్గర్లో లేదు కాబట్టి మనకంతా పచ్చే అనుకోవడం ఈ రెండు జిల్లాల్లో మామూలుగా చేసే పొరపాటు. వీటిని ప్రత్యేకంగా చూడండి:

- శ్రీహరికోట. సతీష్ ధవన్ అంతరిక్ష కేంద్రం చుట్టూ ఆంక్షలున్నాయి. జిల్లా గీత ఎక్కడ గీసినా గగనతలం గీత మారదు. సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం వైపు సర్వీసుకు పిలిస్తే సర్వే నంబరు దగ్గర పిన్ పెట్టి చూడకుండా ఒప్పుకోవద్దు. రాకెట్ ప్రయోగాలప్పుడు విమానాలకు నోటమ్ హెచ్చరికలు జారీ అవుతాయి, పరిసరాల్లో భద్రత పెరుగుతుంది. 2022 నవంబరు 18న స్కైరూట్ వారి విక్రమ్-ఎస్, 2024 మే 30న అగ్నికుల్ రాకెట్ ఎగిరింది ఇక్కడి నుంచే. ప్రైవేటు ప్రయోగాలూ మొదలయ్యాయి కాబట్టి ఇస్రో తేదీలు మాత్రమే చూసుకుంటే చాలదు.
- నేలపట్టు, పులికాట్. పక్షుల అభయారణ్యాలు. అటవీ శాఖ అనుమతి లేకుండా పైన డ్రోన్ పనికిరాదు. గూడబాతులు గూళ్లు కట్టే నెలల్లో చుట్టుపక్కల పొలాల్లోనూ చేతి స్ప్రేయర్ వాడటమే న్యాయం.
- కృష్ణపట్నం ఓడరేవు, నేలటూరు వైపు థర్మల్ కేంద్రాలు. ముత్తుకూరు మండలంలో పొలం ఉంటే ప్రతిసారీ చూడాల్సిందే.
- కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన అత్యవసర రన్‌వే. ప్రకాశం సరిహద్దు రైతులు విన్యాసాలు జరిగే రోజుల్లో డ్రోన్ బయటికి తీయకండి.

వీటికి తోడు తాత్కాలిక ఎరుపు జోన్ ఉంటుంది. ముఖ్యమంత్రి పర్యటన, పెద్ద సభ లాంటివి ఉంటే ఎస్పీ స్థాయి అధికారి ఒకసారికి 96 గంటల దాకా ప్రకటించవచ్చు. నిన్న పచ్చగా ఉన్న కయ్య ఈ రోజు ఎరుపు కావచ్చు. పొద్దున మ్యాప్ తెరిచి, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి ఫోన్‌లో దాచండి. ఎవరైనా వచ్చి అడిగితే మాటలకన్నా అది పనికొస్తుంది.

పచ్చ జోన్‌లో పోలీసు అనుమతి తప్పనిసరి కాదు. అయినా కొత్త ఊళ్లో మొదటిసారి పనిచేసేటప్పుడు స్టేషన్‌కు, పంచాయతీకి, వ్యవసాయ సిబ్బందికి ఒక రోజు ముందు చెప్పండి. మందు కొడతారని తెలిస్తే గొడ్లను అటు తోలరు.

7. కయ్య చుట్టూ నడవండి

యాప్‌లో గీత గీసే ముందు గట్టు మీద ఒక చుట్టు నడవాలి. 11 కేవీ తీగలు, స్టే వైర్లు, బోరు మోటారు సర్వీసు వైర్లు, కొబ్బరి మట్టలు, సుబాబుల్, జామాయిల్ వరుసలు చూసుకోండి. సన్న తీగను సెన్సర్ పట్టుకుంటుందని నమ్మకం పెట్టుకోకూడదు. తీగ కింద పట్టీని చేతి స్ప్రేయర్‌కు వదిలేయండి.

తర్వాత రొయ్యల గుంటలు. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు మండలాల్లో వరి కయ్యకూ గుంటకూ మధ్య ఒక గట్టే అడ్డు. సైపర్‌మెత్రిన్, లాంబ్డా సైహలోత్రిన్ లాంటి మందులు రొయ్యకు ప్రాణాంతకం. రొయ్య, పురుగు దగ్గరి జాతులు కాబట్టి పురుగును చంపే మందు అతి తక్కువ మోతాదులోనే రొయ్యనూ చంపుతుంది. డ్రోన్ తుంపర చేతి పంపు తుంపరకన్నా సన్నం, గాలికి దూరం పోతుంది. గుంట పక్కన ఇలా చేయండి:

- గాలి గుంట వైపు నుంచి కయ్య వైపు వీస్తున్నప్పుడే కొట్టండి. తిరగబడితే ఆపేయండి, మిగిలింది రేపు.
- అప్పుడు కూడా గుంట వైపు కనీసం రెండు మూడు స్ప్రే వెడల్పుల పట్టీ వదలండి. లేబుల్ ఇంకా ఎక్కువ దూరం చెబితే దాన్నే పాటించాలి.
- గుంట మీదుగా డ్రోన్ పోకూడదు. ట్యాంకు ఖాళీ అయి తిరిగి వచ్చే దారి కూడా యాప్‌లో మార్చండి. దీన్ని మరిచిపోయేవాళ్లు ఎక్కువ.
- గుంట యజమానికి ముందు రోజే మందు పేరుతో సహా చెప్పండి. ఆ రోజు కాలవ నుంచి నీళ్లు తోడవద్దని అడగండి. మీరూ కయ్య నీళ్లు కాలవలోకి వదలకండి.

8. నాజిళ్లు కొలవండి, మందు లెక్క వేయండి

తెగులు తగ్గలేదని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఈ లెక్కే. నీళ్లు తగ్గుతాయి, ఎకరాకు పడాల్సిన మందు తగ్గదు. లేబుల్ మీద ఎకరాకు 120 గ్రాములు, 200 లీటర్ల నీళ్లు అని ఉంటే చేతి పంపులో లీటరుకు 0.6 గ్రాము పడుతుంది. ఆ అలవాటుతో 10 లీటర్ల డ్రోన్ ట్యాంకులో 6 గ్రాములు కలిపితే ఎకరాకు పడేది 6 గ్రాములే. సుడిదోమ నవ్వుకుంటుంది. ఎకరాకు 10 లీటర్లు కొట్టేటట్టయితే ఆ ట్యాంకులో 120 గ్రాములూ పోయాలి.

ఇంత చిక్కగా కలిపితే పైరు మాడుతుందో లేదో అన్న భయం న్యాయమైనదే. అందుకే డ్రోన్‌కు అనుమతి ఉన్న మందులే వాడాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్ర క్రిమిసంహారక మందుల బోర్డు 477 మందులకు తాత్కాలిక అనుమతి ఇచ్చింది. ఆ అనుమతికి కాలపరిమితి ఉంది కనుక మీ మందుకు ఇప్పటి స్థితి ఏమిటో వ్యవసాయ అధికారిని అడగండి. రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలపవద్దు. కలపక తప్పదంటే ముందు గాజు సీసాలో అదే చిక్కదనంలో కలిపి అరగంట చూడండి. పెరుగులా విరిగినా, అడుగున గడ్డ కట్టినా వదిలేయండి.

ఇప్పుడు కొలత. సెకనుకు 4 మీటర్ల వేగం, 4 మీటర్ల వెడల్పు అయితే సెకనుకు 16 చదరపు మీటర్లు తడుస్తుంది. ఎకరం 4,047 చదరపు మీటర్లు, అంటే దాదాపు 253 సెకన్లు. ఆ సమయంలో 10 లీటర్లు పడాలంటే నిమిషానికి 2.4 లీటర్లు రావాలి. నాలుగు నాజిళ్లుంటే ఒక్కోదాని నుంచి 600 మిల్లీలీటర్లు.

ట్యాంకులో మంచినీళ్లు పోసి, రెక్కలు తీసేసి, నాజిల్ కింద ఒక్కో జాడీ పెట్టి సరిగ్గా నిమిషం నడపండి. 540 నుంచి 660 మధ్య ఉంటే సరే. తక్కువ వస్తే ఫిల్టరు, నాజిల్ కడగండి. ఎక్కువ వస్తే నాజిల్ అరిగింది, మార్చండి. తొందరలో వేగం 5 మీటర్లకు పెంచితే అదే ధారకు ఎకరాకు పడేది 8 లీటర్లే. మందు కూడా అంతే తగ్గుతుందని మరవకండి.

పొడి మందులను ముందు బకెట్‌లో కరిగించి, సన్న జాలీతో వడగట్టి, సగం నీళ్లున్న ట్యాంకులో పోయండి. తీరం వైపు ఉప్పు బోరు నీళ్లు వాడకండి.

9. ఎగరేయండి

గాలి సెకనుకు 3 మీటర్లు దాటినా, ఎండ 35 డిగ్రీలు దాటినా, గాలిలో తేమ 50 శాతం కన్నా తగ్గినా కొట్టవద్దు. మన ఎండల్లో ఇది పొద్దున తొమ్మిదిలోపు, లేదా సాయంత్రం. తీరం మండలాల్లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి ఎక్కుతుంది, కాబట్టి అక్కడ పొద్దునే ముగించాలి. పూత మీదున్న పైరుకు మాత్రం తేనెటీగలు వెళ్లిపోయాక, సాయంత్రం కొట్టండి.

కయ్యలో మనిషి ఉండకూడదు. డ్రోన్ కంటికి కనిపిస్తూనే ఉండాలి. పైలట్ గాలి వచ్చే దిక్కున నిలబడాలి. విమానమో హెలికాప్టరో వినిపిస్తే వెంటనే దించండి. దారి ఎప్పుడూ దానిదే.

మందు సరిగా పడుతుందో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. మొదట నీళ్లలో కొంచెం నీలం రంగు కలిపి, కయ్యకు అడ్డంగా అర మీటరుకు ఒకటి చొప్పున తెల్ల కాగితాలు పైరు ఎత్తులో గుచ్చి, ఒక్కసారి పైనుంచి పోనివ్వండి. మధ్యలో చుక్కలు దట్టంగా, అంచుల్లో పలచగా ఉంటే వరుసల మధ్య దూరం తగ్గించాలి. మధ్యలోనే ఖాళీ ఉంటే ఎత్తు సరిపోలేదు. సుడిదోమ దుబ్బు మొదట్లో ఉంటుంది కనుక ఒక కాగితం కింద కూడా పెట్టి చూడండి. కింది కాగితానికి చుక్క పడకపోతే మందు ఎంత మంచిదైనా ఫలితం ఉండదు. వేగం తగ్గించండి, లేదా పాయలు తీసి చేతి పంపుతో కొట్టండి.

10. కడగడం, రాసుకోవడం

ట్యాంకు మూడుసార్లు కడిగి, ఆ నీళ్లు మందు కొట్టిన కయ్యలోనే చల్లండి. సర్వేపల్లి కాలవలోనో కనుపూరు కాలవలోనో కడిగితే కింద తాగే ఊళ్లున్నాయి. బ్యాటరీలు చల్లారాకే చార్జి పెట్టాలి; వారం వాడకపోతే సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచండి.

లాగ్‌లో తేదీ, ఊరు, సర్వే నంబరు, మందు పేరు, బ్యాచ్ నంబరు, మోతాదు, గాలి దిక్కు, వేగం, మొదలుపెట్టిన, ఆపిన సమయం రాయండి. గుంట యజమాని రేపు వచ్చి అడిగితే మీ దగ్గరున్న రుజువు ఇదే.

11. ప్రమాదం జరిగితే, అమ్మేస్తే

ప్రమాదం జరిగితే 48 గంటల్లో పోర్టల్ ద్వారా డీజీసీఏకు తెలపాలి. శిథిలాలు కదిలించే ముందు ఫొటోలు తీయండి, లాగ్ ఫైలు దింపుకోండి, ఇన్సూరెన్సు వారికి అదే రోజు చెప్పండి. బ్యాటరీ ఉబ్బినా, పగిలినా ఇంట్లోకి తేవద్దు. ఇసుక మీద ఆరుబయట ఉంచండి. రూల్స్ ఉల్లంఘనకు లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు.

అమ్మితే డి-3 ఫారంతో యూఐఎన్ బదిలీ చేయాలి, ఫీజు 100 రూపాయలు. రాసుకున్న కాగితం, బాండు పేపరు చాలవు. బదిలీ కానంతవరకు కొన్నవారు ఏ జోన్‌లో ఎగరేసినా పోర్టల్‌లో కనిపించేది మీ పేరే. డ్రోన్ పోయినా, బాగుకాకుండా పాడైనా అదే ఫారంతో రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోండి. దరఖాస్తు పెట్టి ఊరుకోకుండా, మీ ఖాతాలోంచి ఆ నంబరు పోయిందో లేదో మళ్లీ లాగిన్ అయి చూడండి.